చిత్రిక మిషనుకి చక్రాల పెట్టె

చల్లపల్లి నుంచి అవనిగడ్డ వెళ్లే రోడ్డు మీద, హనుమయ్య పిండిమర దాటగానే ఎడమచేతి పక్కన ఒక రేకుల షెడ్డు ఉంటుంది. అబ్దుల్ రవూఫ్ మేస్త్రి కొట్టు అంటే చుట్టుపక్కల ఊళ్లలో ఎవరైనా దారి చూపిస్తారు. తలుపులు, కిటికీలు, మంచాలు చేస్తాడు. షెడ్డు వెనక గోడని ఆనుకునే వాళ్ల ఇల్లు. ఇంట్లోంచి షెడ్డులోకి ఒక తలుపు. ఆయన భార్య ఆమినాబీ ఇరవై ఏడేళ్లుగా రోజుకి ఇరవైసార్లయినా ఆ తలుపు దాటి వచ్చిపోతూ ఉంటుంది.

పిలుపు ఎప్పుడూ ఒకటే.

"ఆమినా, ఒక చెయ్యి."

అది వినపడితే చాలు, పొయ్యి మీద ఉన్నది దించి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి నిలబడేది. రంపం కోస్తున్నప్పుడు పలక ఊగకుండా అదిమి పట్టేది. తలుపు చట్రం బిగిస్తుంటే మూల జారకుండా మోకాలు ఆనించేది. పని అయిపోగానే మళ్లీ లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించుకునేది. ఎవరైనా వచ్చి "ఏం చేస్తున్నావమ్మా" అంటే, "ఏముందండీ, ఆయన చేస్తుంటే పట్టుకుంటున్నా" అనేది. పెన్సిలు మాత్రం ఎప్పుడూ రవూఫ్ చెవి మీదే ఉండేది.

తొమ్మిదేళ్ల కింద రవూఫ్ విజయవాడలో ఒక పాత చిత్రిక మిషను కొన్నాడు. గరుకు పలకని ఒక పక్క నుంచి లోపలికి తోస్తే, రెండో పక్క నుంచి నున్నగా, మొదలు నుంచి చివరిదాకా ఒకే మందంతో బయటికొస్తుంది. చేత్తో చిత్రిక పడితే పూటంతా పట్టే పని అరగంటలో అయిపోతుంది. తంటా అంతా దాని బరువుతోనే. నలభై కిలోల పైమాటే. షెడ్డేమో ఇరుకు. దానికంటూ ఒక చోటు ఇవ్వడానికి కుదరక, బల్ల కింద నేల మీదే ఉంచేవాళ్లు. పని పడినప్పుడు ఇద్దరూ చెరో పక్క పట్టుకుని బల్ల మీదికి ఎత్తడం, పని అయ్యాక మళ్లీ దించడం. రవూఫ్ "బిస్మిల్లా" అనేవాడు. ఆ మాట పూర్తయ్యేసరికి మిషను నేల వదిలేది.

రవూఫ్ ఆరడుగుల మనిషి. ఆ బల్ల ఆయన తన ఎత్తుకి చేసుకున్నది. ఆమినాబీ ఆయన భుజం దాకా కూడా రాదు. అందుకని మిషను నుంచి బయటికొచ్చే పలకలు అందుకోవడానికి ఒక పీట వేసుకుని, దాని మీద నిలబడేది. ఆ పీట కూడా రవూఫ్ చేసిందే.

కిందటి సెప్టెంబరులో ఒకరోజు, మొవ్వలో కొత్తిల్లు కడుతున్న రామకోటేశ్వరరావు గారి టేకు తలుపుల పని మొదలుపెట్టారు. ఎప్పటిలాగే బిస్మిల్లా అన్నాడు, ఎప్పటిలాగే మిషను లేచింది. బల్ల అంచు దాకా వచ్చాక ఆమినాబీకి అవతలి పక్క బరువు ఒక్కసారిగా పెరిగినట్టయింది. తలెత్తి చూస్తే రవూఫ్ మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఆమె బలమంతా పెట్టి మిషనుని బల్ల మీదికి నెట్టేసింది. ఆయన రెండు చేతులతో గజ్జ పట్టుకుని పొట్టు మీదే కూలబడ్డాడు.

హెర్నియా అన్నారు. విజయవాడలో ఆపరేషను అయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ కాగితం మీద రాస్తూ, "ఇంక బరువులెత్తకూడదు. ఆర్నెల్లు అసలు వద్దు. ఆ తర్వాత కూడా జాగ్రత్తగా ఉండాలి" అంది.

"బరువంటే ఎన్ని కిలోలండీ?" అడిగింది ఆమినాబీ.

"అయిదు కిలోలు దాటొద్దమ్మా."

బస్సులో రవూఫ్ కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు కంకిపాడు దాటాక, "నా పనిముట్ల సంచే ఎనిమిది కిలోలుంటుంది" అన్నాడు మెల్లగా.

ఆ తర్వాత మూడు వారాలు ఆయన షెడ్డువైపు వెళ్లలేదు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని రోడ్డు మీద పోయే ట్రాక్టర్లు చూస్తూ కూర్చునేవాడు. చెవి మీద పెన్సిలు లేకపోతే ఆయన మొహం ఆమినాబీకి కొత్తగా, ఎవరో చుట్టం మొహంలా కనిపించేది. పిండిమర హనుమయ్య రోజూ పొద్దున్నే వచ్చి పలకరించి వెళ్లేవాడు.

"మనిషినొకణ్ణి పెట్టుకో మేస్త్రీ. ఎత్తటానికీ దించటానికీ" అన్నాడు ఒకరోజు.

"రోజుకి రెండుసార్లు ఎత్తటం కోసం ఎవడొస్తాడు హనుమయ్యా? మిగతా పొద్దంతా వాణ్ణి ఏం చెయ్యను?"

"పోనీ మిషను అమ్మేద్దామండీ" అంది గుమ్మంలోంచి ఆమినాబీ. "మునుపు చేత్తో పట్టేవాళ్లు గదా."

రవూఫ్ ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టుగా ఉంది.

"ఆసుపత్రిలో నన్ను ఆపరేషను గదికి ఎట్టా తీసికెళ్లారో చూశావా?" అన్నాడు.

"చూశాను. మంచం మీద."

"ఆ నర్సు పిల్లని చూశావా? గాలొస్తే పడిపోయేటట్టుంది. ఎనభై కిలోల మనిషిని, మంచంతో సహా ఒంటి చేత్తో తోసుకుపోయింది. రెండో చేతిలో సెలైను సీసా. అక్కడికి వెళ్లాక కాలితో ఒక్క తన్ను తన్నింది. మంచం ఇంక కదల్లేదు." కుర్చీలో ముందుకి జరిగాడు. "మిషనుని ఎత్తటం మానేద్దాం ఆమినా. దాని కింద ఒక పెట్టె చేసి, పెట్టెకి చక్రాలు పెడదాం. పనప్పుడు మధ్యలోకి లాక్కుంటాం, అయ్యాక గోడ వారకి నెట్టేస్తాం. పెట్టెలో అరలు పెడితే బ్లేడ్లూ పానాలూ కూడా అందులోనే సర్దుకోవచ్చు."

"బాగానే ఉంది. మరి ఆ పెట్టె ఎవరు చేస్తారు?"

"నువ్వు."

ఆమినాబీ నవ్వింది. ఆయన నవ్వలేదు. కుర్చీలోంచి మెల్లగా లేచి షెడ్డులోకి వెళ్లి, బల్ల మీద దుమ్ములో పడి ఉన్న పెన్సిలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

చక్రాల కోసం ఇద్దరూ విజయవాడ వెళ్లారు. ఆటోనగర్‌లో లాజరు అని రవూఫ్‌కి పాత స్నేహితుడు ఉన్నాడు. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ ఒకే సామిల్లులో రత్తయ్య మేస్త్రి కింద పని చేశారు. లాజరు తర్వాత కర్ర వదిలి ఇనుములోకి వెళ్లాడు. ఇప్పుడు లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య ఒక కొట్టు పెట్టుకుని తోపుడు బళ్లూ ట్రాలీలూ చేసి అమ్ముతాడు. కొట్టు బయట గంపలనిండా రకరకాల చక్రాలు.

"వదినా, కూర్చో. టీ చెప్తా" అన్నాడు, గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ. "వీడు ఆపరేషను చేయించుకుంటే నాకొక ఫోను కూడా లేదు. సంగతి చక్రాల పని పడితే గానీ తెలీలేదు నాకు."

ఆమినాబీ గంప పక్కన కూర్చుని ఒక్కో చక్రం తీసి చేత్తో తిప్పి చూసింది. ఇనుప చక్రాలు గడగడమన్నాయి. ప్లాస్టిక్‌వి తేలిగ్గా తిరిగాయి గానీ వేలితో నొక్కితే లొంగుతున్నట్టు అనిపించింది. అడుగున రబ్బరు తొడిగిన నాలుగంగుళాల చక్రాలు దొరికాయి. వాటికి పక్కన చిన్న రేకు తొక్కుడు బ్రేకు ఉంది. అవి ఏ పక్కకైనా చప్పుడు లేకుండా తిరిగాయి.

"ఇవి బాగున్నాయి" అంది.

"వదిన చెయ్యి మంచిది. ఉన్నవాట్లో అవే నాణ్యం" అన్నాడు లాజరు. "రెంటికి బ్రేకు చాలు గదా?"

"నాలుగింటికీ ఉండాలి" అన్నాడు రవూఫ్. "పలక లోపలికి పోయేటప్పుడు పెట్టె వెంట్రుకవాసి కదిలినా లోపల దెబ్బ పడుద్ది."

"మొత్తం ఎత్తెంత వేస్తున్నావు?"

"చక్రాలతో కలిపి ముప్పై ఒక్క అంగుళాలు."

"ముప్పై ఒకటా? నీకు నడుం పడిపోద్ది గదరా."

"ముందు చక్రాలు పొట్లం కట్టవయ్యా" అన్నాడు రవూఫ్.

ఆమినాబీ అప్పుడు నాలుగు బ్రేకులూ వరసగా వేలితో నొక్కి చూస్తోంది. ఆ మాటలు చెవిన పడ్డాయి గానీ వాటి మీద మనసు పోలేదు.

మర్నాటి నుంచి పెట్టె పని మొదలైంది. పద్దెనిమిది ఎమ్మెమ్ ప్లైవుడ్డు షీటు ఒకటి, కిందటేడు బీరువాకి తెచ్చినది, గోడకి ఆనించి ఉంది. రవూఫ్ కుర్చీ షెడ్డు మధ్యలోకి వచ్చింది. ఆయన కూర్చుని చెప్పడం, ఆమె చెయ్యడం. రెండు పక్కలు, వెనక పలక, కింద ఒకటి, మధ్యలో అర. పైన మాత్రం రెండు పలకలు ఒకదాని మీద ఒకటి అతికించాలి, మిషను అదురుకి తట్టుకోవాలి గనక.

షీటు మీద గీత గియ్యడానికి ఆమినాబీ చాలాసేపు తటపటాయించింది. ఎన్ని వేల గీతలు చూసిందో. ఎక్కడ గీశాక రంపం గీతకి ఏ పక్క నడవాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. అయినా పెన్సిలు మొన చెక్కని తాకే దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఏంటి ఆలోచిస్తున్నావు?"

"గీస్తే ఇంక కొయ్యాలి గదా."

"కొయ్యకపోతే పెట్టె ఎట్టా వస్తుంది?"

"తప్పు పోతే షీటు దండగ."

"నేను దండగ చేసిన షీట్లన్నీ కలిపితే ఈ షెడ్డుకి ఇంకో కప్పు పడుద్ది. గియ్యి."

గీసింది. మూలమట్టం పెట్టి రెండోసారి సరిచూసుకుంది. రంపం బల్ల స్విచ్చి వేసి, షీటుని రెండు చేతులా నెడుతూ, ఇన్నేళ్లూ రవూఫ్ నిలబడిన చోట నిలబడింది. షీటు అవతలి అంచు కిందికి వాలకుండా ఆయన కుర్చీ జరుపుకుని చేతులు ఆనించాడు. మొదటి కోత అయ్యేసరికి ఆమెకి జాకెట్టు వీపంతా చెమటతో తడిసిపోయింది. అంచు మీద వేలు పెట్టి చూసుకుంది. తిన్నగానే వచ్చింది.

తప్పు రెండో రోజు దొర్లింది. మధ్య అర పలక కోసి పెట్టెలో పెడితే, ఒక పక్క అంగుళం ఖాళీ. ఆమినాబీ పలక బయటికి తీసి మళ్లీ పెట్టింది. తిప్పి పెట్టింది. అంగుళం అంగుళమే.

"సరిగ్గా కొలిచానండీ. రెండుసార్లు కొలిచాను" అంది.

రవూఫ్ టేపు అడిగి తీసుకున్నాడు. దాని కొస చూసి నాలుక కరుచుకున్నాడు.

"ఈ టేపుకి ముందు అంగుళం లేదు. విరిగిపోయి ఏడెనిమిదేళ్లయింది. నేను మనసులోనే ఒకటి కలుపుకుంటా. మరి నిన్నటి ముక్కలు..."

"నిన్న మీరు గోడ మీద గుర్తులు పెట్టి ఇచ్చారు గదా. వాటి ప్రకారం కోశాను."

"అదీ సంగతి. తప్పు నాది ఆమినా. నీకు చెప్పనేలేదు."

"ఎనిమిదేళ్ల నుంచి విరిగిన టేపుతో కొలుస్తున్నారా?" ఆమె ఆయన మొహంలోకి చూస్తూ అడిగింది. "పిల్లకి ట్రంకు పెట్టె కొన్నారు, నాకు మిక్సీ కొన్నారు, మీకు ఒక టేపు కొనుక్కోలేకపోయారా?"

"అలవాటైపోయింది."

"ఇవాళే కొనుక్కురండి. టేపు అయిదు కిలోలుండదు."

రవూఫ్ బుద్ధిగా లేచి, చెప్పులేసుకుని బజారుకి వెళ్లాడు. ఆపరేషను తర్వాత ఒక్కడూ బజారుకి వెళ్లడం అదే మొదలు. టేపుతో పాటు అరటిపళ్లూ, ఆమెకి ఇష్టమని జొన్న పేలాల ఉండలూ తెచ్చాడు. పొట్టిగా కోసిన పలక సొరుగుకి అడుగు పలక అయింది.

తొమ్మిది రోజులకి పెట్టె నిలబడింది. అడుగున చక్రాలు బిగించాక నేల మీద తిరగేసి పెడితే, ఆసుపత్రి మంచంలాగే వేలితో నెట్టినా కదిలింది. ఒక అర, ఒక సొరుగు, కింద పెద్ద ఖాళీ. ఆమినాబీ ఉప్పుకాగితంతో అంచులన్నీ రుద్ది, ఎక్కడా పేడు గుచ్చుకోకుండా చేసింది. సొరుగు లాగడానికి పిడి కొనలేదు. టేకు ముక్కలోంచి ఉలితో తానే చెక్కుకుంది. అది కాస్త ఒక పక్కకి వంగి వచ్చింది. మార్చమంటావా అని రవూఫ్ అడిగితే, వద్దులెండి, చేతికి బాగానే ఆనుతోంది అంది.

మిషను ఎక్కించడానికి హనుమయ్య వచ్చాడు. అతనూ ఆమినాబీ పట్టుకున్నారు. రవూఫ్ చెయ్యి వెయ్యబోతే ఇద్దరూ ఒకేసారి గదమాయించారు. నాలుగు బోల్టులు బిగించాక, హనుమయ్య పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "చెల్లెమ్మ చేసిందా ఇదంతా? మా మరకి కూడా ఒకటి చేసిపెట్టాలి మరి" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

షెడ్డు నేల సిమెంటుదే గానీ ఎగుడుదిగుడు. నీళ్లు పోవాలని ఒక పక్కకి వాలుగా పోశారు. మధ్యలోకి లాగి బ్రేకులు తొక్కితే పెట్టె ఒక మూల లేచి టక్కుటక్కుమంది. కింద చెక్క ముక్క పెడదామన్నాడు రవూఫ్. ఆమినాబీ వినిపించుకోలేదు. కొత్తింట్లో రుబ్బురోలుకి చోటు చూసుకున్నట్టు, పెట్టెని అటు జానెడు, ఇటు బెత్తెడు జరుపుతూ షెడ్డంతా తిప్పింది. కిటికీకి ఎదురుగా ఒకచోట నాలుగు చక్రాలూ ఒక్కసారే నేల మీద కూర్చున్నాయి. రెండు చేతులతో ఊపి చూసింది. కదల్లేదు. సుద్దముక్క తీసి నాలుగు చక్రాల చుట్టూ గీతలు గీసింది.

"ఇంక దీని చోటు ఇదే" అంది.

పలక పెట్టి చూద్దామన్నాడు రవూఫ్. ఆమినాబీ అలవాటు ప్రకారం మూల నుంచి పీట తెచ్చుకుని, పలక బయటికొచ్చే పక్కన వేసుకుని ఎక్కింది. ఎక్కి, ముందుకి చేతులు చాచి ఆగిపోయింది. మిషను ఎక్కడో కింద ఉంది. నడుం వంచితే గానీ అందేలా లేదు.

పీట దిగింది. నేల మీద నిలబడి మళ్లీ చేతులు చాచింది. మోచేతులు మడిస్తే అరచేతులు పలక వచ్చే చోటే, సరిగ్గా అక్కడే ఆనాయి. పీటని కాలితో పక్కకి నెట్టి, పలక లోపలికి తోసే పక్కకి వెళ్లి నిలబడింది. అక్కడా అంతే.

"కొలత తప్పు చెప్పారు మీరు" అంది.

"తప్పేం లేదు."

"ఇది మీ ఎత్తు కాదు. మీరు వంగాలి."

"వంగాలి."

"ఇది నా ఎత్తు."

"అవును" అన్నాడు రవూఫ్. "గిన్నెలు తోముతూ నువ్వు గట్టు దగ్గర నిలబడ్డప్పుడు చూసుకున్నా. నేల నుంచి నీ మోచెయ్యి దాకా."

ఆమినాబీకి సంతోషం కాదు, ముందు భయమే వేసింది.

"డాక్టరమ్మ నాకు చెప్పకుండా మీకేమన్నా చెప్పిందా?"

"ఏమీ చెప్పలేదు."

"మరి పని మానేస్తున్నారా మీరు?"

"మానెయ్యటం లేదు. నువ్వు ముందు ఇట్టా కూర్చో."

"కూర్చోను. చెప్పండి."

రవూఫ్ చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని కాసేపు వాటినే చూసుకున్నాడు.

"మన అమ్మాయి జుబియా కానుపుకి నువ్వు హనుమాన్ జంక్షన్ వెళ్లి నలభై రోజులున్నావు గదా. నాలుగేళ్ల కింద."

"ఉన్నాను."

"ఆ నలభై రోజులూ ఈ మిషను మీద పట్టిన ప్రతి పలకకీ కొసన గుంట పడింది. బెత్తెడు మేర, గోరు మందాన. బ్లేడ్లు మార్చాను. బెల్టు మార్చాను. మెకానిక్కుని పిలిపించాను. వాడు మిషనంతా విప్పి, ఇందులో ఏమీ లేదు సాయిబుగారూ అని మళ్లీ బిగించి పోయాడు. నువ్వొచ్చావు. మర్నాడు పొద్దున పలక పెట్టాం. గుంట లేదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ లేదు." తలెత్తాడు. "ఆ రోజు నేను నీ చేతులు చూశాను. పలక కొస లోపలికి పోతుందనగా నువ్వు బయటికొచ్చిన పక్కని కొంచెం పైకి లేపుతావు. ఎంతో కాదు, గింజంత. నీకు తెలుసా ఆ సంగతి?"

ఆమినాబీకి తెలియదు. గుర్తు చేసుకోబోయింది. పలక చివరికొచ్చేసరికి మిషను శబ్దం మారుతుంది. అది మారేముందే చేతులు వాటంతటవే లేస్తాయి. అందరూ అలాగే పట్టుకుంటారనుకుంది. పట్టుకోవడమంటే అదే అనుకుంది.

"నాలుగేళ్లుగా మీకు తెలుసా?"

"తెలుసు."

"ఒక్కనాడన్నా అనలేదే."

"సిగ్గేసింది" అన్నాడు రవూఫ్. "ఊరంతా రవూఫ్ తలుపు నునుపు అంటారు. అది ఎవరి చేతిలో ఉందో నాకు తెలిసీ ఊరుకున్నా. ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది, కొట్లో మీకు సాయం ఎవరున్నారని. మా ఆవిడ పట్టుకుంటుందండీ అన్నాను. అన్నాక రాత్రంతా ఆ మాటే నన్ను పొడిచింది."

ఆమినాబీ ఇంట్లోకి వెళ్లింది. టీ పెడదామని గిన్నె దించుకుంది, నీళ్లు పోసింది, పొయ్యి వెలిగించడం మర్చిపోయి గట్టు పట్టుకుని నిలబడింది. కళ్లు తడిశాయి. తుడుచుకుంది. మళ్లీ తడిశాయి. ఈసారి తుడుచుకోలేదు. కోపం కూడా వచ్చింది. నాలుగేళ్లు. ఈ మాట నాలుగేళ్ల కింద చెప్పి ఉంటే ఏం పోయేది ఈయన సొమ్ము. తన రెండు చేతులూ ముందుకి చాచి చూసుకుంది. కత్తిపీట గాట్లు, పాత జిగురు మరకలు, ఎడమ బొటనవేలి మీద ఎప్పుడో సుత్తి తగిలిన నల్లమచ్చ. కొత్తగా ఏమీ కనపడలేదు.

టీ పెట్టకుండానే వెనక్కి వచ్చింది. రవూఫ్ కూర్చున్నచోటే ఉన్నాడు. గోడకి ఆనించిన టేకు పలకల్లోంచి ఒకటి తీసుకుని, కొంగు నడుముకి చుట్టి దోపుకుని, మిషను ముందు నిలబడింది.

"స్టూలు వేసుకుని అవతల కూర్చోండి. వచ్చేది పట్టుకోండి" అంది.

"నేనా?"

"ఇంకెవరున్నారిక్కడ? పలక అయిదు కిలోలుండదులెండి."

స్విచ్చి వేసింది. మిషను పెద్దగా రొద పెట్టింది గానీ పెట్టె మాత్రం రాయిలా నిలబడింది. పలక లోపలికి వెళ్లింది. టేకు పొట్టు ఎర్రగా ఎగిరి రవూఫ్ చొక్కా నిండా పడింది. పలక అవతలికి వచ్చాక ఆమె వెళ్లి కొస మీద అరచెయ్యి పెట్టి రాసింది.

"గుంట" అంది.

రెండోది పెట్టారు. గుంట. మూడోదానికి రవూఫ్ ముందుగానే ఎత్తేశాడు, పలక నడిమధ్య గీత పడింది. ముప్పై ఏళ్లు మేస్త్రీగా బతికిన మనిషి, చేతిలో పలక పట్టుకుని, లెక్క తప్పిన బడిపిల్లాడిలా ఆమె వైపు చూశాడు. ఆమినాబీకి నవ్వొచ్చింది. పెదవి బిగపట్టుకుంది. ఆగలేదు. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. రవూఫ్ నవ్వుతూ కుట్ల దగ్గర చెయ్యి అదుముకుని, "నవ్వించకు, లాగుతోంది" అన్నాడు.

"మీరు కళ్లతో చూస్తున్నారు" అంది ఆమె, నవ్వాపుకుని. "చూసి ఎత్తితే ఆలస్యమైపోద్ది. వినండి. లోపల ఊఁ అంటుంది గదా, కొస దగ్గరికొచ్చేసరికి ఆ ఊఁ పలచబడుద్ది. అది పలచబడబోతుందనగా ఎత్తాలి."

"పలచబడబోతుందని ముందే ఎట్టా తెలుస్తుంది?"

"ఏమోనండీ. తెలుస్తుంది. పాలు పొంగబోయేముందు తెలీదూ?"

"నేనెప్పుడన్నా పాలు కాచానా?"

"అందుకే మీకు రావటం లేదు."

ఆ సాయంత్రానికి పదకొండు పలకలు పట్టారు. పదోదాని కొస మీద గుంట ఉందో లేదో చెయ్యి పెడితే గానీ తెలియనంత పలచగా పడింది. పదకొండోదానికి అసలు పడలేదు. రవూఫ్ నమ్మక మూడుసార్లు తడిమి చూసుకున్నాడు.

రామకోటేశ్వరరావు గారి తలుపులు మాఘమాసంలో గృహప్రవేశానికి అయిదు రోజుల ముందే సిద్ధమయ్యాయి. గీతలు ఆమినాబీ గీసింది. కోతలు ఆమె కోసింది. కుర్చీలో కూర్చుని చేసే పనులు, కీళ్లు చెక్కడం, పాలిష్ పెట్టడం రవూఫ్ చేశాడు. అడ్డపట్టీ ఎక్కడ రావాలన్న దాని మీద రెండు రోజులు పోట్లాడుకున్నారు కూడా. చివరికి రవూఫ్ చెప్పిన చోటే పెట్టారు, అదే బాగుంది, ఆమినాబీ ఒప్పుకుంది.

బిగించడానికి హనుమయ్య ట్రక్కు ఆటోలో మొవ్వ వెళ్లారు. ఆమినాబీ ఒక కస్టమరు ఇంటికి పని మీద వెళ్లడం అదే మొదటిసారి. తలుపులు నాలుగూ బందుల మీద ఎక్కాక, రామకోటేశ్వరరావు గారి భార్య ఛాయాదేవి వచ్చి ఒక్కో తలుపూ తెరిచి, మూసి, దాని మీద చెయ్యి వేసి రాసింది. ఆవిడ ఆమినాబీ కన్నా రెండంగుళాలు పొట్టి.

"ఎంత నున్నగా ఉన్నాయండీ. అద్దంలా ఉన్నాయి" అంది రవూఫ్‌తో.

"మా ఆవిడ చేతి పనండీ" అన్నాడు రవూఫ్. తేలిగ్గానే అన్నాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఛాయాదేవి ఆమినాబీ వైపు తిరిగి ఎగాదిగా చూసింది. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసికెళ్లింది.

"ఈ గట్టు చూడమ్మా. తాపీ వాళ్లు వాళ్ల ఎత్తుకి పోసేశారు. అడుగున పీట వేసుకుని వండుకోవాలట నేను. పైన అల్మారాలు ఇంకా పెట్టలేదు. అవి కూడా ఎవడో వచ్చి వాడి తలకాయ ఎత్తున పెట్టి పోతాడు. నువ్వు పెడతావా?"

ఆమినాబీ గట్టుని చూసింది, గోడని చూసింది. చెవి మీది పెన్సిలు తీసింది.

"గోడకి ఆనుకుని నిలబడండమ్మా" అంది. "చెప్పులు విప్పెయ్యండి. వంటప్పుడు వేసుకోరు గదా. ఇప్పుడు చెయ్యి పైకెత్తండి. మునివేళ్ల మీద లేవొద్దు. హాయిగా ఎంత అందుద్దో అంతే."

ఛాయాదేవి చెయ్యి ఎత్తింది. ఆవిడ అరచెయ్యి ఆనిన చోట ఆమినాబీ గోడ మీద గీత గీసి, దానికి నాలుగు వేళ్ల కింద ఇంకో గీత గీసింది.

"పై అర ఇక్కడ. దీని పైన ఏమీ పెట్టను. గట్టు మాత్రం నేను కొయ్యలేను, దాని సంగతి తాపీ వాళ్లనే అడగండి."

"ఎప్పటికి ఇస్తావమ్మా?"

"వచ్చే వారం నుంచి మాకు ఉపవాసాలండీ. పండగ అయ్యాక మొదలుపెడతాను. నెల్లో ఇచ్చేస్తా."

తిరిగొచ్చేటప్పుడు రవూఫ్ ముందు హనుమయ్య పక్కన కూర్చోనన్నాడు. కుదుపులుంటాయి, ముందు కూర్చోమని ఆమె ఎంత చెప్పినా వినకుండా, వెనక పనిముట్ల సంచి పక్కన ఆమినాబీకి ఎదురుగా గోనెపట్టా మడిచి వేసుకుని కూర్చున్నాడు. రోడ్డుకి రెండు పక్కలా మినుము చేలు పచ్చగా ఉన్నాయి.

"అల్మారాలకి ఏం కర్ర వేద్దామనుకుంటున్నావు?" అడిగాడు.

"పనస."

"వంటింటి ఆవిరికి టేకే మంచిది."

"టేకు బరువండీ. పొట్టి మనిషి రోజూ తీసి వేసే తలుపులు. పనసైతే తేలిక, రంగు కూడా పసుపు పచ్చగా బాగుంటుంది."

"పనస పురుగు పడుద్ది."

"పాతది తెస్తే పడదు. లాజరన్నయ్యకి ఫోను చేసి, కూలగొట్టిన ఇళ్ల కర్ర ఎక్కడ దొరుకుద్దో కనుక్కోండి."

"టేకు వేస్తే వందేళ్లుంటుంది."

"వందేళ్లు ఎవరు వండుతారు?"

ముందు నుంచి హనుమయ్య, వేప వెయ్యండి, గొడవొదిలిపోద్ది అన్నాడు. ఇద్దరూ ఒక్కసారే వద్దన్నారు. టేకని ఈయనా, పనసని ఆవిడా, చల్లపల్లి వచ్చేదాకా వాదించుకుంటూనే ఉన్నారు.